‘ఈసీఎం పోయింది’ అంటే... ఏది పోయినట్టు?

‘‘ఈసీఎం పోయింది సార్. ఈ మోడల్‌కి కొత్తది రావడం లేదు. సెకండ్‌హ్యాండ్‌ది వెతికి వేసినా ఆ డబ్బుకి ఈ బండి విలువ చేయదు. తుక్కుకి ఇచ్చేయండి.’’

మా మామయ్య కారు గురించి మెకానిక్ తేల్చేసిన మాట ఇది. 2001 మోడల్ పెట్రోలు బండి. వెనక సీటు తీసేసి, అన్నం డేక్సాలు, కూర క్యాన్లు పెట్టుకుని రెండు పూటలా మూడు హాస్టళ్లకు భోజనం చేర్చేవాడాయన. బండి ఆగితే మిగిలేదంతా ఆటో కిరాయికే పోతుంది. నేనేమో బీటెక్ ఈసీఈ అయిపోయి ఏడాదిగా ఖాళీ. ‘‘నువ్వు చదివింది ఎలక్ట్రానిక్సే కదరా, ఓసారి చూడకూడదూ?’’ అన్నాడు. నిజం చెప్పాలంటే నాలుగేళ్లలో నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నది రెండు మూడుసార్లే!

ఈసీఎం అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్. కొందరు ఈసీయూ అంటారు. సెన్సర్లు చెప్పేది విని, ఎంత పెట్రోలు చిమ్మాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. పేరు చూసి భయపడతాం కానీ లోపల ఉన్నవి మనం చదివినవే. బ్యాటరీ 12 వోల్టులను 5 వోల్టులు చేసే రెగ్యులేటర్, మైక్రోకంట్రోలర్, ఇంజెక్టర్లను నడిపే ట్రాన్సిస్టర్లు, కొన్ని కెపాసిటర్లు.

మూత విప్పే ముందు

నేను నేరుగా పెట్టె మూత విప్పబోయాను. ఆటోనగర్‌లో పనిచేసే పెద్దాయన ఒకరు ఆపారు. ‘‘ముందు దానికి కరెంటు అందుతోందో లేదో చూశావా?’’ అన్నారు. కీ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి. పెట్రోలు పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మనాలి. మా బండిలో రెండూ లేవు. అలాంటప్పుడు అనుమానం మొదట ఫ్యూజు మీద, మెయిన్ రిలే మీద, తుప్పు పట్టిన ఎర్త్ వైరు మీద రావాలి. ఈసీఎం వంతు ఆఖరున. సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైను ఎక్కడైనా షార్ట్ అయినా మొత్తం వ్యవస్థ మూగబోతుంది. ఒక్కో సెన్సర్ ప్లగ్ పీకి చూస్తే అది బయటపడుతుంది. వీటికి మల్టీమీటర్, ఆ మోడల్ వైరింగ్ డయాగ్రమ్ ఉంటే చాలు.

మా బండిలో ఇవన్నీ బాగానే ఉన్నాయి. కనెక్టర్ దగ్గర 12.4 వోల్టులు వస్తున్నాయి. అప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసి, పెట్టె బయటికి లాగి, మూత విప్పాను. గుప్పున చేపల వాసన! ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మూడుంటే, ఒకదాని కాళ్ల దగ్గర గోధుమ రంగు మరక. లోపలి ద్రవం కారిపోయింది. ఈ కెపాసిటర్లకు వేడే శత్రువు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజినీర్లు వేసే మోటు లెక్క. ఇరవై ఏళ్లు మన ఎండల్లో తిరిగిన బండి మరి.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి అదే విలువవి, 105 డిగ్రీల రకానివి మూడు తెచ్చాను. ప్లస్, మైనస్ కాళ్లు రెండుసార్లు సరిచూసుకుని అతికించాను. మూడూ కలిపి ఓ ప్లేటు ఇడ్లీ ఖర్చు కూడా కాలేదు. బండి స్టార్టయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో నేనే హీరో.

పదకొండో రోజు

మధ్యాహ్నం ఒంటిగంటకు, నిండా భోజనాలతో, నడిరోడ్డు మీద ఆగిపోయింది. మామయ్య ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మళ్లీ విప్పాను. తప్పు నాదే. పాత కెపాసిటర్ తీశాను కానీ, కారిన ద్రవాన్ని శుభ్రం చేయలేదు. అది కరెంటును లీక్ చేస్తుంది, రాగిని తినేస్తుంది. కెపాసిటర్ కింద వెంట్రుకంత సన్నని ట్రాక్ ఒకటి తెగిపోయి ఉంది. ఈసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో బోర్డు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తెగినచోట సన్నని తీగతో జంపర్ వేశాను. ఆ చుట్టుపక్కల ప్రతి ట్రాక్‌నూ మల్టీమీటర్‌తో పరీక్షించాకే మూత బిగించాను. తర్వాత నాలుగేళ్లు ఆ బండి తిరిగింది.

అన్నీ ఇలా లొంగవు. ఇంజెక్టర్ ట్రాన్సిస్టర్ కాలిపోతే దాన్ని మార్చడం తేలికే. కానీ కాల్చింది షార్ట్ అయిన ఇంజెక్టర్ కాయిల్ అయితే, కొత్త ట్రాన్సిస్టర్ కూడా నిమిషాల్లో పోతుంది. సిరామిక్ పలక మీద కట్టి, జెల్ పోసిన మాడ్యూళ్లలో తీగలు మరీ సన్నం. వాటికి మన ఐరన్ పనికిరాదు. ఇమ్మొబిలైజర్ ఉన్న బండిలో తాళం కోడ్ ఈసీఎంతో జతపడి ఉంటుంది, వేరే బండిది తెచ్చి పెడితే స్టార్టవదు. అందుకే మెమొరీ చిప్ జోలికి వెళ్లేముందు అందులోని డేటాను కాపీ చేసి పెట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ మాడ్యూళ్లను మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. అక్కడ పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఇంటర్వ్యూలో ఇదే అడిగారు

నా రెజ్యూమేలో ఐఓటీ ప్రాజెక్టు ఒకటి ఉండేది. క్లాసులో సగం మంది రెజ్యూమేల్లోనూ అదే! దాని కింద ఈ రిపేర్ గురించి రెండు లైన్లు రాశాను. ఫొటోలు, ఏ పిన్‌లో ఎన్ని వోల్టులు వచ్చాయో రాసుకున్న నోట్‌బుక్ వెంట తీసుకెళ్లాను. ఒక హార్డ్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ఐఓటీ ప్రాజెక్టును ఎవరూ ముట్టుకోలేదు. ‘‘మొదటిసారి ఎందుకు ఫెయిలయింది?’’ అన్నదాని మీదే పావుగంట నడిచింది. తెగిన ట్రాక్‌ను కాగితం మీద గీసి చూపించాను. ఉద్యోగం వచ్చింది.

హ్యుందాయ్ మోబిస్, జడ్‌ఎఫ్ లాంటి వాహన విడిభాగాల సంస్థలకు హైదరాబాద్‌లోనే టెక్నికల్ సెంటర్లున్నాయి. ఈ రంగంలో టెస్టింగ్, వ్యాలిడేషన్, డయాగ్నస్టిక్స్ అనే మాటలున్న ఉద్యోగ ప్రకటనలు చూస్తుండండి. చేయి తిరగడానికి మాత్రం నడిచే కారు వద్దు. పాత యూపీఎస్ బోర్డు మీద విడిభాగాలు పీకి, మళ్లీ అతికించడంతో మొదలుపెట్టండి. ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్లను డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టండి. తర్వాత చెన్నై పుదుపేట లాంటి పాత విడిభాగాల బజార్లలో చెడిపోయిన ఈసీఎం ఒకటి వెతకండి. మామయ్య బండి మీద నేర్చుకోవడం నాలాంటి వాళ్లు చేసే పని.