మీకు తెలుసా? సత్యవేడు గుండ్రాయి, మ్యూజియం గుట్టు!

మన సత్యవేడు పేరుతో ఏకంగా ఒక రాతి పొరే ఉంది! భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ‘సత్యవేడు ఫార్మేషన్’ అంటారు. వయసెంతో చెప్పండి చూద్దాం. 10 కోట్ల ఏళ్లకు పైమాటే! డైనోసార్లు తిరిగిన కాలం! కొండ దారిలో మీరు కాలితో తన్నేసిన గుండ్రాయి ఆ పొరలోంచి ఊడిపడిందే కావచ్చు!

ఇంకా దగ్గరికి రండి, అసలు సంగతి చెబుతా! సరిహద్దు దాటితే తిరువళ్లూరు జిల్లా. అక్కడ అత్తిరంపాక్కం అనే చిన్న ఊరు. ఆ మట్టిలో దొరికిన రాతి గొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లు! అప్పటికి మనలాంటి మనిషి ఇంకా పుట్టనే లేదు! మరి చెక్కిందెవరు? మనకంటే ముందు తిరిగిన మానవజాతి! చేతిలో ఇమిడేలా, రెండు వైపులా పెచ్చులు లేపి, అంచుకు పదును తెచ్చారు. రాయి ఏదనుకున్నారు? క్వార్ట్‌జైట్! మన కొండల్లో గుండ్రాళ్లుగా దొరికే గట్టి రాయే!

ఆ చోటును ప్రపంచానికి చూపించింది ఓ భూగర్భ శాస్త్రవేత్త! పేరు రాబర్ట్ బ్రూస్ ఫుట్. తోడు వచ్చింది విలియం కింగ్. సంవత్సరం 1863! రాతి పొరల లెక్క తీయడం వాళ్ల ఉద్యోగం. దొరికింది మనిషి చరిత్ర! ఫుట్ జీవితమంతా పోగేసిన పనిముట్లు చివరికి చెన్నై ఎగ్మోర్ మ్యూజియంకు చేరాయి. రైలెక్కితే చూసి రావచ్చు!

తెలుగు గంగ నీళ్లు వెళ్లి చేరే పూండి జలాశయం తెలుసుగా? అక్కడ ఆదిమానవుడి కోసమే ఓ మ్యూజియం ఉంది! తమిళనాడు పురావస్తు శాఖ 1985లో పెట్టింది. వస్తువు దొరికిన చోటికి దగ్గర్లోనే దాన్ని చూపించడం ఎంత మంచి ఆలోచనో! ఢిల్లీలో చూస్తే అదొక పాత రాయి. ఇక్కడ చూస్తే మన పొరుగువాడి పనిముట్టు!

మ్యూజియంలో పాత కలంకారీ వస్త్రం ఉన్న గది ఎందుకంత మసకగా ఉంటుందో తెలుసా? కరెంటు ఆదా కోసం కాదు! వెలుతురే రంగును తినేస్తుంది! అందుకే పాత వస్త్రాలపై 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వరు. లక్స్ అంటే వెలుతురు కొలత. శ్రీకాళహస్తి కళాకారుడు కలంతో గీసి, కరక్కాయతో, చెట్ల వేర్లతో అద్దిన రంగు ఒక్కసారి వెలిస్తే మళ్లీ రాదు! అందుకే కొన్ని నెలలు చూపించి, చీకటి గదిలో విశ్రాంతినిస్తారు. బట్టకు విశ్రాంతి! ఎంత ముచ్చటగా ఉందో కదా!

ఆ బట్టకు పురుగు పడితే? మందు కొట్టరు. గడ్డకట్టిస్తారు! గాలి చొరని కవరులో చుట్టి, మైనస్ 30 డిగ్రీల చలిలో కొన్ని రోజులు ఉంచుతారు. పురుగు చస్తుంది, గుడ్డు చస్తుంది, బట్ట భద్రం!

వస్తువు పక్కన పెట్టే చిన్న వివరం చీటీ ఈనాటిది కాదు! ఇరాక్‌లోని ఊర్ నగరంలో 2,500 ఏళ్ల నాటి చీటీలు దొరికాయి. మట్టితో చేసినవి! అదీ ఒకటికి మించిన భాషల్లో! బాబిలోన్ రాకుమారి ఎన్నిగల్డి తన సేకరణ పక్కన పెట్టించిందట! సత్యవేడులో ప్రదర్శన పెడితే తెలుగూ తమిళమూ పక్కపక్కనే రాయాలి. సంతలో రెండు మాటలూ వినిపించే ఊరిది!

అన్నిటికీ గాజు పెట్టె కావాలా? అక్కర్లేదు! ఏర్పేడు దగ్గర గుడిమల్లం వెళ్లండి. సుమారు 5 అడుగుల శివలింగం. దాని మీద నిలబడ్డ వేటగాడిలా శివుడు! క్రీస్తు పూర్వం నాటిదని ఎందరో పండితుల మాట. రక్షణ పురావస్తు శాఖది, పూజ పూజారిది! అక్కడే ఉంచడమే సరైన పని. మ్యూజియంకు తెస్తే సగం ప్రాణం పోయేది!

ఇవన్నీ నేర్పే చదువు కూడా ఉంది! పేరు మ్యూజియాలజీ. బరోడా విశ్వవిద్యాలయం 1952లోనే మొదలుపెట్టింది! వస్తువును ఎలా కాపాడాలి, ఏ ఎత్తులో పెట్టాలి, చూసేవాళ్లను ఏ దారిన నడిపించాలి, అన్నీ పాఠాలే! మన పిల్లలకు ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు!

ఇక చంద్రగిరి రాజమహల్. 3 అంతస్తుల మేడ. కట్టడంలో కలప వాడలేదు! రాయి, ఇటుక, సున్నం, అంతే! ఇప్పుడు ఆ మేడే మ్యూజియం. శిల్పాలు చూడటానికి వెళ్లిన వాళ్లు తలెత్తి పైకప్పు కూడా చూడండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు సెలవు!