గోడకు పట్టిన నెమ్ము



శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం పురాతన ఆలయాలకు పేరుపొందిన ఊరు. ఆ ప్రాంతంలో ఒక విశ్వాసి కుటుంబముంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వారి ఇంట్లోకి వరద నీరు వచ్చింది. నీరు తీసింది గాని, పడకగది గోడ మాత్రం ఆరలేదు. మూలన నల్లని బూజు, గదినిండా ముక్క వాసన. ఎనిమిదేళ్ల పాపకు రాత్రంతా దగ్గు.

"అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి" అంది తల్లి. చేశాను. "క్రిస్మస్ వస్తోంది గదమ్మా, సున్నం వేయించండి" అని సలహా కూడా ఇచ్చాను. వేయించారు. పండుగకు గోడ తెల్లగా మెరిసింది. రెండు నెలలకు పెచ్చులూడి బూజు మళ్లీ పైకి వచ్చింది. పాపను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. "మీ ఇంట్లో చెమ్మ ఉందా?" అని డాక్టరుగారు అడిగారట. ఆ మాట విని నేను తలదించుకున్నాను.

ఆ రాత్రి లేవీయకాండము 14వ అధ్యాయము చదివాను. గోడమీద పచ్చగానో ఎర్రగానో పొడ కనబడితే ఇంటి యజమాని దాచకూడదు, యాజకునికి చెప్పాలి. యాజకుడు ముందుగా ఇల్లు ఖాళీ చేయించి, చూసి, ఏడు దినములు మూసివేసి, మళ్లీ వచ్చి చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి, చుట్టూ గీకించి, కొత్త రాళ్లు పెట్టించి, కొత్త అడుసు పూయించాలి. పైపూత వేసి కప్పమని ఎక్కడా లేదు! నేను చెప్పింది సరిగ్గా అదే.

తర్వాత శ్రీకాకుళం నుండి అనుభవమున్న ఒక ఇంజనీరును పిలిపించాము. ఆయన గోడను తట్టి చూశారు, చెమ్మ కొలిచే చిన్న యంత్రం ఆనించారు, శ్లాబు పగుళ్లు, స్నానాల గది గొట్టాలు పరీక్షించారు. అసలు దోషం గోడలోపల కారుతున్న గొట్టానిది. మేమందరం తుఫాను మీద నెపం పెట్టి కూర్చున్నాము! గొట్టం మార్చి, పాడైన పూత చెక్కించి, గోడ పూర్తిగా ఆరాకే కొత్త పూత వేయించారు. పాపకు దగ్గు చాలావరకు తగ్గింది.

తల్లులారా, తండ్రులారా, కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పట్టవచ్చు. తడిసిన పరుపులు, అట్టపెట్టెలు ఇంట్లో ఉంచకండి. కిటికీలు తెరవండి. బూజు తుడిచేటప్పుడు ముక్కుకు గుడ్డ గాని మాస్కు గాని కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. బ్లీచింగును మరే మందుతోను కలపవద్దు, విషవాయువు పుట్టగలదు. మరక మళ్లీ మళ్లీ వస్తుంటే తెలిసినవారిచేత ఇల్లంతా పరీక్ష చేయించండి. రంగులు అమ్మేవారి మాట ఒక్కటే వినకండి.

మన ప్రాంతంలో గోడ చెమ్మనూ నెమ్మే అంటాం, రొమ్ములో చేరిన జబ్బునూ నెమ్మే అంటాం. హృదయానికీ ఒక నెమ్ముంది. పండుగకు పైపూత వేస్తే అది పోదు. పరీక్షించమని ప్రభువును లోపలికి పిలుద్దాం. ఆయన చూపించిన చోట గీకడానికి ఒప్పుకుందాం. ఆమేన్.