అమెరికా భద్రతా అనుమతి: విదేశీ బంధుత్వం, ద్వంద్వ పౌరసత్వం – ఒక పరిశీలన

కీలక పదాలు: భద్రతా అనుమతి, విదేశీ ప్రభావం, ద్వంద్వ పౌరసత్వం, ఓసీఐ

ఉపోద్ఘాతం

అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారాన్ని చూసేందుకు ఇచ్చే అర్హతను సెక్యూరిటీ క్లియరెన్స్ అంటారు. ఈ వ్యాసంలో దానిని భద్రతా అనుమతిగా వ్యవహరించడమైనది. 1995 నాటి 12968వ కార్యనిర్వాహక ఉత్తర్వు ప్రకారం సాధారణంగా అమెరికా పౌరులే దీనికి అర్హులు. పౌరసత్వం పొందినా, తల్లిదండ్రులు స్వదేశంలో ఉంటే అనుమతి లభించదనే అభిప్రాయం వలస కుటుంబాలలో వినిపిస్తుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

విదేశీ ప్రభావం

2017 జూన్ 8 నుండి అమలులో ఉన్న ఆదేశంలో 13 మార్గదర్శక సూత్రాలున్నాయి. వాటిలో 'బి' సూత్రం విదేశీ ప్రభావానికి సంబంధించినది. దీని ప్రకారం విదేశంలో బంధువులుండటమే అనర్హత కాదు. ఆ బంధుత్వాన్ని ఆసరాగా చేసుకొని అభ్యర్థిని ప్రలోభపెట్టడానికి, బెదిరించడానికి అవకాశం హెచ్చుగా ఉన్నదా అన్నదే ప్రశ్న. అందుకై ఆ దేశ స్వభావాన్ని, అమెరికా రహస్యాల సేకరణలో దాని చరిత్రను, బంధువుల వృత్తిని, ప్రభుత్వంతో వారి సంబంధాన్ని, అభ్యర్థికి అక్కడున్న ఆస్తి విలువను పరిశీలిస్తారు.

ఉదాహరణకు, అమెరికా పౌరుడైన ఒక తెలుగు ఇంజనీరు తల్లి గుంటూరులో నివసిస్తున్నదనుకుందాం. ఆమెతో మాటలు అరుదన్న వాదన నిలవడం కష్టం. తల్లీబిడ్డల మధ్య మమకారం ఉంటుందనే నిర్ణేతలు భావిస్తారు. ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు, పొదుపు అన్నీ అమెరికాలోనే ఉన్నాయని, అక్కడి ఆస్తితో పోలిస్తే స్వదేశంలోని ఆస్తి స్వల్పమని చూపడం అతనికి బలమైన సమాధానం.

ద్వంద్వ పౌరసత్వం

'సి' సూత్రం విదేశం పట్ల మొగ్గును పరిశీలిస్తుంది. 2000లో రక్షణ శాఖ జారీచేసిన మెమో విదేశీ పాస్‌పోర్టును అప్పగించాలని కోరింది. 2017 ఆదేశం ఈ వైఖరిని సడలించింది. జాతీయ ప్రయోజనాలతో వైరుధ్యం గాని, దాచే ప్రయత్నం గాని లేనప్పుడు మరొక దేశ పౌరసత్వం ఉండటం అనర్హత కాదని పేర్కొన్నది. అయితే అమెరికాలోకి వచ్చేటప్పుడు, వెళ్ళేటప్పుడు అమెరికా పాస్‌పోర్టునే వాడాలి.

భారత సంతతివారి పరిస్థితి కొంత భిన్నమైనది. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను మేరకు, స్వచ్ఛందంగా విదేశీ పౌరసత్వం స్వీకరించినవారు భారత పౌరసత్వాన్ని కోల్పోతారు. ఓసీఐ కార్డు పేరులో పౌరసత్వమన్న మాట ఉన్నా, అది ఓటుహక్కు నివ్వదు. భారత చట్టం దృష్టిలో ద్వంద్వ పౌరసత్వం కాదు. కనుక వీరి విషయంలో ప్రధాన చర్చ 'బి' సూత్రం చుట్టూనే సాగుతుంది.

ముగింపు

భద్రతా అనుమతి ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తెలిపింది. సందేహం మిగిలితే అది దేశ భద్రతకే అనుకూలంగా తీరుతుంది. ఆ కారణంగా తప్పేమీ చేయనివారికి సైతం అనుమతి నిరాకరింపబడవచ్చు. అటువంటి నిర్ణయం అభ్యర్థి దేశభక్తిపై తీర్పు కాదని, కాంట్రాక్టు సంస్థల ఉద్యోగులకు వర్తించే 1960 నాటి 10865వ ఉత్తర్వు స్పష్టం చేసింది. బంధుత్వాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం మాత్రం వేరు. అది వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన 'ఇ' సూత్రం కిందికి వచ్చి, అభ్యర్థి విశ్వసనీయతనే ప్రశ్నార్థకం చేస్తుంది. కావున దరఖాస్తులో బంధువుల వివరాలను పూర్తిగా వెల్లడించడమే అభ్యర్థికి శ్రేయస్కరం.