పెద్దవాళ్ళ పగటినిద్ర వయసు వల్లేనా?

"డాక్టరుగారూ, అమ్మకి ఇప్పుడు నిద్ర బాగా పడుతోందండీ. పొద్దున కాఫీ తాగి కూర్చున్నచోటే కునుకు తీస్తోంది" అన్నాడు గురజాల వైపు నుంచి తల్లిని తీసుకొచ్చిన ఒక కొడుకు. ఆమెకు డెబ్భై దాటాయి. రెండేళ్ళుగా గుండె బలహీనతకు మందులు వాడుతోంది. వాళ్ళు వచ్చింది కాళ్ళవాపు చూపించడానికి. నన్ను మాత్రం వాపుకంటె ఆ నిద్రే ఎక్కువ భయపెట్టింది.

రాత్రిళ్ళు ఎలా పడుకుంటుందని అడిగితే కోడలు చెప్పింది. మూడు దిండ్లు పెట్టుకుంటేగాని పడుకోలేదట. అర్ధరాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటుందట. నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుందట. నిద్రపట్టక అవస్థ పడుతోందని పదిరోజులుగా పక్కింటివాళ్ళ దగ్గర తెచ్చిన నిద్రమాత్ర వేస్తున్నారట!

గుండె బలహీనత అంటే?

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోతుందని కంగారుపడతారు. ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోవడం. సాగర్ కుడికాలవ కింద సేద్యం చేసేవారికి తెలుసు, పైన వదిలే నీరు తగ్గితే చివరి మడి ఎండుతుంది. ఇక్కడా అంతే. కండరాలకు, మెదడుకు రక్తం చాలక నీరసం, మగత వస్తాయి. ముందుకు సాగని నీరు ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నిలుస్తుంది. పడుకోగానే ఆయాసం ఎక్కువవడం అందుకే.

మగతకు కారణాలు

మొదటిది, రాత్రినిద్ర చెడటం. ఆయాసంతోపాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్రను సాయంత్రం వేసుకోవడమూ దీనికి కారణమవుతుంది. ఆ మాత్రను సాధారణంగా ఉదయమే వేసుకోమంటాము. వేళ మార్చేముందు మీ డాక్టరును అడగండి.

రెండవది, నిద్రలో ఊపిరి ఆగడం. శ్వాస క్రమంగా పెద్దదై, మళ్ళీ చిన్నదై, కొన్ని క్షణాలు పూర్తిగా ఆగి తిరిగి మొదలవుతుంది. దీన్ని 1818లో చేనీ, 1854లో స్టోక్స్ అనే డబ్లిన్ వైద్యులు వర్ణించారు. కొందరిలో గురకతో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. గాలి ఊదే యంత్రాలున్నాయి గాని అన్నీ అందరికీ పనికిరావు. ఒక రకం యంత్రం గుండె బాగా బలహీనపడిన కొందరిలో మరణాలను పెంచిందని 2015లో వెలువడిన పరిశోధనలో తేలింది. నిద్రపరీక్ష, గుండెడాక్టరు సలహా లేకుండా కొనవద్దు.

మూడవది, మందుల మత్తు. నిద్రమాత్రలే కాదు, జలుబుమాత్రలు, కొన్ని దగ్గుమందులు, నొప్పిమాత్రలు కూడా పెద్దవారిని మగతలో ముంచుతాయి.

ఇవిగాక రక్తహీనత, థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు, జ్వరాలు కూడా కారణం కావచ్చు. మధుమేహానికి మందు వాడేవారు మత్తుగా ఉంటే ముందు చక్కెర పడిపోయిందేమో చూడాలి.

'ఉప్పు తగ్గింది' అంటే

రక్తంలో సోడియం తగ్గినా మగత వస్తుంది. 'ఉప్పు తగ్గింది' అన్న మాట విని ఇంట్లో ఉప్పుమజ్జిగ తాగిస్తూంటారు. అది పొరపాటు. ఈ జబ్బులో చాలాసార్లు ఉప్పు చాలక కాదు, ఒంట్లో నీరు ఎక్కువై సోడియం పలచబడుతుంది. ఉప్పు పెంచితే వాపు, ఆయాసం పెరుగుతాయి. మరోవైపు, రెంటచింతల ఎండలకు పేరుపడ్డ ప్రాంతం మనది. వేసవిలో చెమట, విరేచనాలకు మూత్రం మాత్ర తోడైతే ఒళ్ళు నిజంగానే ఎండిపోవచ్చు. రెండింటికీ వైద్యం వేరు. పరీక్ష లేకుండా తేల్చలేము.

మీరు చేయవలసింది

వారంరోజులు ఒక నోటుబుక్కులో రాయండి: ఎన్ని దిండ్లు, ఎన్నిసార్లు లేచారు, గురక ఉందా, ఊపిరి ఆగుతోందా, పగలు ఎంతసేపు కునుకు. రోజూ పొద్దున బరువు చూడండి. మూడురోజుల్లో రెండుకిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్లే, వెంటనే డాక్టరుకు చెప్పండి. వాడే మందులన్నీ, ఆయుర్వేదం మందులతో సహా, ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏ మందూ మానవద్దు. చాలాకాలంగా వాడే నిద్రమాత్రను హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే.

లేపితే లేవకపోయినా, మాట తడబడినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, పెదవులు నీలిబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వారం ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ తల్లికి నిద్రమాత్ర ఆపించాము. రక్తపరీక్షలు చూసి మూత్రం మాత్ర మోతాదు సరిచేసి, ఉదయానికి మార్చాము. పచ్చళ్ళు మాన్పించాము. రెండువారాల తర్వాత వచ్చి, "మిరపపండ్ల పచ్చడి నాలిక్కి తగలనివ్వడంలేదు చూడయ్యా!" అంటూ కొడుకుమీద గట్టిగా ఫిర్యాదు చేసింది. పచ్చడికి మాత్రం అనుమతి ఇవ్వలేదు గాని, ఆ గొంతు విని సంతోషించాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఈమధ్య కొత్తగా మౌనంగా కునుకుతూంటే, దాన్ని విశ్రాంతి అనుకొని వదిలేయకండి.