వార్తల్లో పదం: ఫ్లెయిల్ లెగ్

నడుస్తుంటే చెప్పు జారిపోతోందని చెప్పేవాళ్లను ముందు ఒక మాట అడగాలి: జారడం తెలుస్తోందా? తెలియకుండానే జారితే స్పర్శ నరాలను అనుమానించాలి. తెలుస్తున్నా పాదం పైకి లేవకపోతే చాలాసార్లు కారణం నడుము దగ్గర గానీ, మోకాలి పక్కన గానీ నరం నొక్కుకోవడమే. అరుదుగా అది మోటార్ న్యూరాన్ వ్యాధి, అంటే కదలికను నడిపే నరకణాలు చెడే జబ్బు.

కాళ్లలో వచ్చినప్పుడు ఈ జబ్బు సాధారణంగా ఒక పాదంలో మొదలై పాకుతుంది. మెదడు నుంచి దిగే నరకణాలు చెడితే కాలు బిర్రబిగుస్తుంది. వెన్నుపాములోవి చెడితే పిక్క సన్నబడి, చర్మం కింద కండ అదురుతుంది. రెండు కాళ్లూ ఇలా వదులై, బలహీనత కనీసం ఏడాదిపాటు కాళ్లకే పరిమితమైతే అది ఫ్లెయిల్ లెగ్. 1918లో ఫ్రాన్స్‌లో మారీ, పత్రికియోస్ దీన్ని వర్ణించారు. మామూలు రకం కంటే ఇది నెమ్మది. దక్షిణాదిలో 1970లో గుర్తించిన 'మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి' వేరు. అది చిన్న వయసులో వస్తుంది, వినికిడినీ తరచూ దెబ్బతీస్తుంది.

కడప జిల్లా పులివెందుల వైపు, ఈ జబ్బులా కనిపించే మరో చిక్కుంది. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే వెన్నెముక ఎముకలు మందమై వెన్నుపామును నొక్కి, కాళ్లను బిగిస్తుంది. ఇలాంటివాళ్లలో కొందరికి ఆపరేషన్ ఉపయోగపడుతుంది కాబట్టి ఈ రెండింటి తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వాసులు బలం సూదులతో నెలలు గడపకుండా కడప రిమ్స్‌లోనో, తిరుపతి స్విమ్స్‌లోనో చూపించుకోవాలి. ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష), వెన్ను ఎంఆర్‌ఐ చేయించాలి. మోటార్ న్యూరాన్ వ్యాధి అని తేలితే ఇచ్చే రిలుజోల్ మాత్ర జబ్బును ఆపదు, కొంత నెమ్మదింపజేస్తుంది. పాదాన్ని పైకి నిలిపే పట్టీ మాత్రం పడిపోకుండా కాపాడుతుంది.