మట్టి మీద నీటి మూత

ఆవకాయ జాడీలో పైన నూనె ఎందుకు తేలాలో మన అమ్మమ్మలకు ఎవరూ సైన్సు పాఠం చెప్పలేదు. ముక్క నూనెలో మునిగి ఉన్నంతకాలం గాలి తగలదు, గాలి తగలకపోతే బూజు పట్టదు. నూనె తగ్గి ముక్క పైకి తేలిందా, నాలుగు రోజుల్లో తెల్లటి బూజు. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు ఈమధ్య తరచు వినబడే పీట్ నేలల సంగతీ ఇంతే. అక్కడ నూనె బదులు నీళ్ళు, మామిడి ముక్క బదులు చచ్చిన మొక్కలు.

గడ్డి కానీ చెట్టు కానీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే పెరుగుతుంది. అది చచ్చాక మన పొలాల్లో అయితే చెదలు, బూజు, సూక్ష్మజీవులు దాన్ని తినేసి ఆ వాయువును మళ్ళీ గాలికి వదిలేస్తాయి. లెక్క సరి. కానీ ఏడాది పొడుగునా నీళ్ళు నిలిచే చోట ఆ పని మధ్యలో ఆగిపోతుంది, ఎందుకంటే నీటి అడుగున ప్రాణవాయువు చాలదు. కుళ్ళీ కుళ్ళని ఆకులు, వేళ్ళు, కొమ్మలు పొర మీద పొరగా పేరుకుని నల్లటి మెత్తటి మట్టి అవుతాయి. అదే పీట్. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంతే. నన్నయ భారతం మొదలుపెట్టిన కాలంలో రాలిన ఆకు ఇవాళ సుమారు మీటరు లోతున ఉంటుందన్నమాట.

భూమి మీది నేలలో ఇది సుమారు 3 శాతమే. అయినా ప్రపంచంలోని అడవుల చెట్లన్నిట్లో ఉన్నదానికంటే ఎక్కువ కర్బనం ఈ నేలలోనే ఉంది. ఆఫ్రికాలో కాంగో నది పరీవాహకంలోని పీట్‌ను శాస్త్రజ్ఞులు మొదటిసారి సరిగ్గా కొలిచి 2017లో ప్రకటించారు. అక్కడొక్కచోటే దాదాపు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉందట.

ఇక జాడీలో నూనె తీసేస్తే ఏమవుతుందో చూడండి. ఇంగ్లండులో హోమ్ ఫెన్ అనే చోట 1850 ప్రాంతంలో సాగు కోసం నీళ్ళు తోడేశారు. నేల ఎంత కుంగుతుందో చూద్దామని ఒక ఇనుప స్తంభాన్ని తల వరకూ భూమిలోకి దించారు. ఇప్పుడా స్తంభం నేలపైన సుమారు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు, నేలే దిగిపోయింది. ఎండిన పీట్ కొంత అణిగిపోతుంది, మిగతాది గాలి తగిలి కుళ్ళి వాయువైపోతుంది. ఇలా నీళ్ళు తీసేసిన పీట్ నేలల నుంచి వచ్చే వాయువు, మనుషుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో 4, 5 శాతం దాకా ఉంటుందని అంచనా.

అందరికంటే పెద్ద దెబ్బ తిన్నది ఇండోనేషియా. 1996లో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతన్‌లో సుమారు 10 లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరిపొలాలు చేస్తానని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. నీళ్ళన్నీ కాలువల్లోంచి వెళ్ళిపోయాయి. వరి మాత్రం పండలేదు. ఆ మట్టి పులుపు వరికి సరిపడదు! మరుసటి ఏడాదే ఎల్‌నినో వచ్చి వానలు తప్పాయి, నిప్పంటుకుంది. పీట్ మంట మన గడ్డివాము మంటలాంటిది కాదు. నేల కిందికి దిగి నెలల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. పైన నీళ్ళు చల్లితే ఆరిందనిపిస్తుంది, నాలుగడుగుల అవతల మళ్ళీ పొగ. ఆ పొగ సింగపూరు, మలేసియాల దాకా పోయింది. ఒకప్పుడు మలేసియా తోటల్లోకి కూలికి వెళ్ళిన మన తెలుగువాళ్ళ మనవలూ ఆ గాలే పీల్చారు.

అది వాళ్ళ గొడవ, మనకేం అంటారా? సాయంత్రం ఉగ్గాని తినేటప్పుడు పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ ఏ నూనెలో వేగుతుందో ఒకసారి అడగండి. చాలాచోట్ల పామోలిన్. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేసియాల పామాయిలుది. అక్కడి తోటలు కొన్ని ఇలా ఎండగట్టిన పీట్ మీదే ఉన్నాయి. (ఏలూరు వైపు పెంచే ఆయిల్ పామ్ పీట్ మీద కాదు. దాని తగువు బోరు నీళ్ళతో, అది వేరే వ్యాసం.)

మందు వినడానికి తేలిక: తీసిన నీళ్ళు తిరిగి నిలపడం. 2015లో మళ్ళీ భయంకరంగా తగలబడ్డాక, 2016లో ఇండోనేషియా పీట్ పునరుద్ధరణకే ఒక సంస్థ పెట్టింది. వాళ్ళ పనిలో ముఖ్యమైనది కాలువలకు అడ్డుకట్టలు కట్టడం. తడిలోనే పెరిగే సగ్గుచెట్టు లాంటివి వేసుకోమని రైతులకు చెప్పడం ఇంకో మార్గం. నీళ్ళు నిలిస్తే మీథేన్ వస్తుంది కదా అని ఒక అభ్యంతరం ఉంది. నిజమే, వస్తుంది. కానీ మీథేన్ గాలిలో పన్నెండేళ్ళ పాటు ఉండి పోతుంది, బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్ళు ఉంటుంది. దూరం చూస్తే తడే మేలు.

మన దేశంలో పీట్ తక్కువ. నీలగిరి కొండల బాడవల్లో ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన రామన్ సుకుమార్ బృందం ఆ మట్టిని పొరలుపొరలుగా పరీక్షించి, 20 వేల ఏళ్ళ వెనకటి వానలూ కరువులూ ఎలా ఉండేవో 1993లో ప్రకటించింది. కేరళ కుట్టనాడులో ‘కరి’ నేలలున్నాయి. తవ్వితే పాతకాలపు మాను ముక్కలు నల్లగా బయటపడతాయి. మలయాళంలో కరి అంటే బొగ్గు, కన్నడంలో నలుపు, మన కరిమబ్బులోనూ అదే మాట.

మన బళ్ళారిలో పీట్ లేదు. వానలు చాలవు, ఎండ ఎక్కువ, రేగడి నేల ఏటా నోళ్ళు తెరుస్తుంది. కొల్లేరుదీ ఇండోనేషియా లాంటి నేల కాదు, కానీ నీటి సూత్రం అక్కడా అదే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళు కొల్లేట్లో నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. తుంగ, రెల్లు, తామర పెరిగి, చచ్చి, అడుగున చేరడం అక్కడ సహజంగా జరిగేది. తర్వాత సరస్సును గట్లు పోసి చేపల చెరువులు చేశారు. చేపల చెరువులోనూ నీళ్ళుంటాయి కదా అనొచ్చు. కానీ మొక్కల్ని ఏరేస్తారు, పట్టుబడి అయ్యాక ఎండగడతారు, అడుగు మట్టి తోడతారు. పేరుకునేదేముంది? 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పగలగొట్టారు. చెరువులు మళ్ళీ వచ్చాయి. ఐదును మూడుకు తగ్గించమనే డిమాండూ ఉంది. అడిగేవాళ్ళని తప్పుపట్టడం నాకు కష్టం, వాళ్ళ ఇళ్ళు ఆ కాంటూరు లోపలే ఉన్నాయి. నీళ్ళు నిలపమనే ప్రభుత్వం ఆ నీళ్ళ మీద బతికే దారి చూపకపోతే గట్లు లేస్తూనే ఉంటాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చేరవలసింది కూడా ఆ కొల్లేట్లోకే.

మనకు దగ్గర్లో చూడదగ్గది అంకసముద్రం. హగరిబొమ్మనహళ్ళి తాలూకాలో ఉంది, 2021లో జిల్లా విడిపోయాక విజయనగర జిల్లాలోకి వెళ్ళింది. ఎప్పుడో సాగు కోసం తవ్వుకున్న ఊరిచెరువు, 244 ఎకరాలు. 2024లో దానికీ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అక్కడి మట్టి పీట్ కాదు. అయినా అడుగున చేరిన ఆకూ అలమూ మట్టిలో నిలుస్తుందా, గాలిలో కలుస్తుందా అన్నది వేసవిలో చెరువు ఎంతమేర ఎండుతుందో దాన్నిబట్టే ఉంటుంది. నీళ్ళున్న రోజుల్లో వెళ్తే మొదళ్ళు మునిగిన నల్లతుమ్మల మీద పెయింటెడ్ స్టార్క్ కొంగలు కనిపిస్తాయి.