నీటి నెరిగి నల్లా

కోస్తా జిల్లాలవారు కొళాయి అందురు. హైదరాబాదువారు నల్లా అందురు. పేరేదైనను వంటయింటి పనియంతయు దాని చుట్టునే తిరుగును. అయినను అంగడిలో దాని మెరుగును చూచి కొనువారే పెక్కుమంది. తమ యింటికి వచ్చు నీటిని తలచుకొని కొనువారు కొందరే.

పురానాపూల్ నుండి గోల్కొండకు పోవు దారిలో కార్వాన్ కలదు. ఆ మాటకు పారసీకమున బిడారు అని అర్థము. కుతుబ్‌షాహీల నాడు వజ్రవర్తకులు విడిసిన తావది. 1671లో మూసాఖాను కట్టించిన టోలీ మసీదు నేటికిని అచట నిలిచియున్నది. ఆ కాలమున గోల్కొండ కోటకు దుర్గం చెరువు నీరు మట్టిగొట్టములలో వచ్చెడిది. పై అంతస్తులకు చక్రములతో తోడి ఎక్కించెడివారు. ఎత్తు కొలది నీటికి బలమని నాటి పనివారికి తెలియును. నేడు నల్లా కొనువారికిని ఇదియే మొదటి పాఠము.

నీటిమట్టము నల్లాకు 10 మీటర్ల ఎత్తున ఉన్నచో ఒత్తిడి సుమారు ఒక బార్ ఉండును. డాబాపై తొట్టి 3 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నచో అందులో మూడవ వంతైనను రాదు. హెచ్చు ఒత్తిడికై చేసిన ఖరీదైన మిక్సరును అట్టి యింట బిగించినచో సన్నని దార తప్ప వేరు ఫలము లేదు. కనుక ఎంత ఒత్తిడికి పనిచేయునో అడిగి కొనవలెను.

రెండవది, నగరమున పెక్కు పేటలలో నీరు దినము విడిచి దినము వచ్చును. నీరు రాని వేళ గృహిణి నల్లా త్రిప్పి చూచును, చుక్క రాలదు, వేరొక పనిలో పడి మరచును. నడిరేయి నీరు వచ్చి తెల్లవారులు వృథాగా పోవును. మరనల్లా తెరచియున్నదో మూసియున్నదో చూపునకు తెలియదు. పిడి పావుచుట్టు తిరుగు నల్లా అయినచో దూరమునుండియే తెలియును. కీళ్ళనొప్పుల అవ్వకును, సబ్బు చేతుల కోడలికిని అదియే సుఖము.

తక్కినవి చిన్న విషయములు. మెడ క్రింద బిందె పట్టవలెను. లోహము ఇత్తడి కావలెను. భారతీయ ప్రమాణముల ముద్ర ఉండవలెను. బోరునీటి సున్నము మూతిజాలిని పూడ్చును గనుక ఆ జాలి విప్పి కడుగుటకు వీలుండవలెను. వాషరు వీధి చివరి దుకాణమున దొరకవలెను.

విద్యార్థులొక లెక్క కట్టి చూతురుగాక. ఇరువది చుక్కలొక మిల్లీలీటరు అనుకొనుడు. సెకనుకొక చుక్క కారినచో దినమునకు 86,400 చుక్కలు. అనగా 4 లీటర్లకు పైమాట. రెండు దినముల కొకసారి నీరు పట్టుకొను ఇంటిలో అది ఇద్దరి దాహము.

మెరుగు ఏడాదిలో మాయును. నీటి స్వభావ మెరిగి ఎంచిన నల్లా ఏండ్ల తరబడి ఇల్లాలి శ్రమను తగ్గించును.